ఇమాంబీ పేరు లేని పేపరు

2011. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఉధృతంగా సాగుతున్న రోజులు. నేను మహబూబాబాద్‌లో డిగ్రీ కాలేజీ తెలుగు లెక్చరర్‌ని. సమ్మెతో కాలేజీ మూతపడింది. సినిమాల్లో మా మాటను వెక్కిరించారన్న కసి అందరిలోనూ ఉండేది, నాలో మరీ ఎక్కువ. ఢిల్లీలో జరిగే ఒక భాషాశాస్త్ర సదస్సుకు దూదేకులవారి వృత్తిపదాల మీద పేపరు పంపి, మన మాటకు పరువు తెస్తానని ఛాతీ విరుచుకుని తిరిగాను.

బస్సులు లేవు. బండి మీద తొర్రూరు వెళ్లేవాణ్ణి. అక్కడ ఇమాంబీ అవ్వ పరుపులు కుట్టేది. దూది ఏకడం నుంచి ఆఖరి కుట్టు దాకా ప్రతి పనికీ ఆమె దగ్గర ఒక మాట ఉండేది. సూది ఆపకుండానే చెప్పేది. నేను తప్పు పలికితే పడీ పడీ నవ్వేది. ఇంత చెప్పావు, నీకేం కావాలని ఒకరోజు అడిగాను.

"నాకేం ఒద్దు బిడ్డా. దుకాణం బోర్డు మీద నా పెనిమిటి పేరు, ఇంటి కాయితం మీద గూడ ఆయన పేరే. నా పేరు ఒక్కకాడ అచ్చుల వడాలె. ఏస్తవా?"

"నీ పేరు లేకుంట పేపరెట్లయితదవ్వా? ఏస్త."

సదస్సుకు ముందుగా అబ్‌స్ట్రాక్ట్, అంటే ఒక పేజీ సారాంశం పంపాలి. దానికి బ్లైండ్ రివ్యూ ఉంటుంది. రాసిందెవరో పరిశీలించేవారికి తెలియకూడదు, ఆనవాలు దొరికితే తిప్పి పంపేస్తారు. అందుకని నా పేరు, కాలేజీ పేరు, ఊరి పేరు తీసేశాను. ఇమాంబీ అని ఉన్నచోటల్లా 'స్పీకర్-1' అని ఇంగ్లీషులో పెట్టాను. ఎంపికైంది. పూర్తి పేపరు అచ్చుకు పంపేటప్పుడు తీసేసిన పేర్లన్నీ మళ్లీ చేర్చాలి. నా పేరు చేర్చాను, డిగ్రీలతో సహా. ప్రిన్సిపాల్‌కు, నా పరిశోధన గైడుకు కృతజ్ఞతలు రాశాను. అవ్వను మరిచాను.

మరుసటి ఏడాది సదస్సు సంపుటం చేతికొచ్చేసరికి అవ్వ మంచం పట్టింది. సంబరంగా తీసుకుపోయాను. కొడుకు పట్టుకుంటే దిండుకు ఆనుకుని లేచి కూర్చుంది.

"ఏడున్నది నా పేరు? జర ఏలు వెట్టి చూపియ్యి."

పేజీలు తిప్పాను. అప్పుడు తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె వేలు పట్టుకుని 'స్పీకర్-1' మీద పెట్టాను.

"గిదేనా? పక్కపొంటి నా పెనిమిటి పేరు లేదు గద?"

"లేదవ్వా. నీదొక్కదే."

ఆమె ముఖం విప్పారింది. ఆ ముఖం చూడలేక సంపుటం మంచం మీదే వదిలి లేచాను.

ఇంటికి రాగానే ఆమె పేరు చేర్చమని సదస్సువాళ్లకు రాశాను. అచ్చయిపోయింది, ఇక ఏమీ చేయలేమన్నారు. పది రోజులకు అవ్వ పోయింది.

నలభయ్యో రోజు ఆమె పేరిట చేసే ప్రార్థనకు, ఫాతెహాకు వెళ్లాను. కొడుకుకు ఇంగ్లీషు రాదు. ఆ రోజు అవ్వకు నేను చూపించిన చోట గీత గీసి, ఆ పేజీకి ఫ్రేము కట్టించి గోడకు తగిలించాడు. వచ్చిన ప్రతి చుట్టానికీ చూపిస్తున్నాడు. "గిదే మా అమ్మ పేరు." నిజం నోటిదాకా వచ్చింది. అన్నం తిని వచ్చేశాను.

నా విద్యార్థులు పేపరు రాస్తే ఇప్పుడు ఒకటే చెప్తాను: మీకు మాటలిచ్చినవాళ్ల పేరు ముందు చేర్చండి, మీ పేరు తర్వాత. ఎందుకని అడిగితే ఇమాంబీ అవ్వ సంగతంతా చెప్తాను. ఆమె కొడుక్కి మాత్రం ఇంతవరకూ చెప్పలేదు.