ముగ్గు మీద గిల్లికజ్జాలు

వన్ టౌన్‌లో మా పక్కింటి అత్తకి పొద్దున్నే మా అమ్మతో పేచీ పెట్టుకుంటే గానీ కాఫీ దిగేది కాదు.

"ఏటి వొదినా, నీ ముగ్గు నా వాకిట్లోకొచ్చీసింది?" అని చీపురు పట్టుకుని నిలబడేది.

"వస్తే నీ వాకిలి అరిగిపోనాదేటి?" అనేది అమ్మ.

ఇంత పగేమిటని నేనోసారి విసుక్కుంటే, "పగున్నోలు మాటాడుకోరే. ఇవి గిల్లికజ్జాలు" అంది అమ్మ.

అమ్మ పోయాక మైల తీరేదాకా మా వాకిట్లో ముగ్గు పడలేదు. తీరిన మర్నాడు తలుపు తీద్దును కదా, అత్త తన ముగ్గుని మా గుమ్మం దాకా లాక్కొచ్చేసి, చీపురు పట్టుకుని నిలబడి ఉంది. నేను ముగ్గు తొక్కకుండా గుమ్మంలోనే ఆగిపోయాను.

అత్త చీపురుతో ఆ ముగ్గుని చూపించింది.

"ఒక్క మాటైనా అనవేటే పిల్లా?"