గాలికి ఎదురు

కిష్టప్ప ఎక్కడికి వెళ్లినా ముందు గాలి ఎటు వీస్తుందో చూస్తాడు. పెళ్లి భోజనానికి పిలిస్తే అందరూ విస్తరి వైపు చూస్తారు, ఈయన మాత్రం షామియానా అంచు ఎటు ఊగుతోందో చూస్తాడు. బొంతపల్లిలో తన ఇంటి డాబా మీద ఒక కర్ర పాతి, దానికి పాత తువ్వాలు ముక్క కట్టాడు. సాయంత్రం ఫ్యాక్టరీల వైపు నుంచి మందుల వాసన రాగానే భార్య ప్రేమలత కిటికీలు మూస్తుంది, ఈయన డాబా ఎక్కుతాడు. తువ్వాలు ఎటు ఎగురుతోందో చూసి, దానికి ఎదురుగా పోయే దారి మనసులో పెట్టుకుని గానీ కిందికి దిగడు. వాడకట్టులో ఆయనకు గాలి కిష్టప్ప అని పేరు పడింది. ఆయనకు తెలుసు, పట్టించుకోడు. నవ్వేవాళ్లకేం, వాళ్లెవరూ ఆ రోజు అక్కడ లేరు.

ఆ రోజంటే, చాలా ఏళ్ల కిందట ఆయన పనిచేసే మందుల ఫ్యాక్టరీలో ఒక పైపు జాయింటు ఊడి గ్యాస్ బయటపడిన రోజు. ప్రమాదం వస్తే ఏం చేయాలో డ్రిల్లుల్లో నేర్పింది ఒకటే. గ్యాస్ నీ మీదికి వస్తుంటే దాని ముందు పరుగెత్తకు, అది నీకన్నా జోరుగా వస్తుంది. పక్కకు తప్పుకో, చుట్టూ తిరిగి గాలికి ఎదురు వెళ్లు. గాలి ముఖాన కొట్టిందంటే బతికినట్టే. కిష్టప్ప అలాగే చేశాడు. తనతోపాటు రియాక్టర్ దగ్గర ఉన్న యాదన్నను కూడా గట్టిగా పిలిచాడు. యాదన్న గేటు వైపు పరుగెత్తాడు. గాలి కూడా గేటు వైపే వీస్తోంది. పాపం, గేటు దాకా కూడా చేరలేదు.

అంత్యక్రియలయ్యాక యాదన్న భార్య సోమమ్మ ఒక్కటే అడిగింది.

"పిలిచినవా కిష్టప్ప?"

"పిలిచిన వదినె. ఇనలే."

చెప్పింది నిజమే. కానీ ఆ నిజం వెళ్లి సోమమ్మ ఇంట్లో తిష్ట వేసింది. గోడకు భర్త ఫోటో ఉంది, దండ మాత్రం వేయదు. చెప్పిన మాట వినకుండా తనను ఒంటరిదాన్ని చేసి పోయిన మనిషికి దండ ఒకటే తక్కువా అంటుంది. కిష్టప్పకూ లోలోపల యాదన్న మీద కోపమే. అన్నేళ్ల సర్వీసు, అన్ని డ్రిల్లులు, ఆ మాత్రం తెలియకపోతే ఎలా?

ఈ ఏడాది భద్రతా వారోత్సవాల్లో కిష్టప్పకు ఉత్తమ కార్మికుడి బహుమతి వచ్చింది. వీపు మీద కంపెనీ పేరున్న నారింజ రంగు జాకెట్టు, దాంతోపాటు దక్షిణాన కొండల్లో ఉన్న ఒక నేషనల్ పార్కును ఇద్దరు చూసి రావడానికి అన్ని ఏర్పాట్లూ. షిఫ్ట్ ఇన్‌చార్జి నరసరాజుకూ అదే యాత్ర దక్కింది. వాళ్ల నాన్న సర్కారు కంపెనీలో ఉద్యోగానికని భీమవరం నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు, కొడుకు నోట్లో "అండీ" ఇప్పటికీ పోలేదు. కొండగాలి ఊపిరితిత్తులకు మంచిదండీ, కాదనకండి అని నరసరాజు ఒకటే పోరు. ప్రేమలతకు మోకాళ్ల నొప్పులు, కొండలు ఎక్కే ఓపిక లేదు. కిష్టప్ప అదే సాకు చేసుకుని మానేద్దామనుకున్నాడు. కానీ డిగ్రీ చదువుతున్న కూతురు స్నిగ్ధ అప్పటికే బ్యాగు సర్దేసింది.

"పుట్టినకాంచి గా తువ్వాలనే జూస్తున్న నాన్న," అంది. "ఒక్కపారి ఏనుగును జూద్దాం."

కూతుర్ని ఒంటరిగా పంపేంత గుండె ఆయనకు లేదు. వెళ్లాడు.

పార్కు గేటు దాటినప్పటి నుంచీ ఆయన ప్రాణం ప్రాణంలో లేదు. సైరన్ లేదు. కంచె లేదు. ప్రమాదం వస్తే అందరూ ఎక్కడ చేరాలో చెప్పే ఆకుపచ్చ బోర్డు లేదు. ఎటు చూసినా నడుములోతు గడ్డి, గడ్డి మధ్య చీకటి కమ్మినట్టున్న చెట్ల గుంపులు, వాటి మీదికి దిగుతున్న మంచు. స్నిగ్ధ కొంచెం ముందుకు నడిస్తే చాలు, కొంగు పట్టుకున్న పిల్లాడిలా ఆమె బ్యాగు పట్టీ పట్టుకునేవాడు. ఆమె విసుక్కుంది, విదిలించుకోలేదు.

నడక మొదలయ్యే ముందు గైడ్ నడుముకు కట్టుకున్న చిన్న గుడ్డసంచి తీసి విదిలించాడు. సన్నటి బూడిద రాలి గాలిలో ఒకవైపుకు సాగిపోయింది. కిష్టప్ప గుండెలో బరువు సగం దిగిపోయింది. ఇన్నాళ్లకు తనలాంటి మనిషి ఒకడు దొరికాడు. గైడ్ వచ్చీరాని హిందీలో గాలి గురించి, ఏనుగు గురించి ఏదో చెబుతుంటే నరసరాజు, స్నిగ్ధ చెవులప్పగించి విన్నారు. కిష్టప్ప వినలేదు. గాలి సంగతి తనకు ఇంకొకరు చెప్పాలా? బూడిద పోయిన వైపు చూసి, దానికి ఎదురు దారి అప్పుడే మనసులో పెట్టేసుకున్నాడు.

వాలు దిగి చెట్ల గుంపు అంచుకు చేరేసరికి కొమ్మ విరిగిన చప్పుడైంది. మంచు కాస్త పక్కకు జరిగింది. పిల్లతో ఏనుగు. రాయి విసిరితే తగిలేంత దూరం. పచ్చి పేడ వాసన గుప్పుమని వీళ్ల ముఖాలకు కొట్టింది. అది ఇంకా వీళ్లను పసిగట్టలేదు. గైడ్ అరచెయ్యి అడ్డంపెట్టి ఆపి, వచ్చిన దారినే మెల్లగా వెనక్కి రమ్మని సైగ చేశాడు. నరసరాజు ఆయన వెంట కదిలాడు.

కిష్టప్పకు కనిపించింది వేరు. ముప్పు ఎదురుగా ఉంది. గాలి దాని మీదుగా తన మీదికి వస్తోంది. ఈ మనిషేమో గాలి వెంటే వెనక్కి పొమ్మంటున్నాడు, అచ్చం యాదన్న పోయినట్టు. అంతే, చెవుల్లో సైరన్ మోగింది. స్నిగ్ధ మణికట్టు పట్టుకుని పక్కకు లాగాడు. పొదల వెనకగా, వాలు మీదుగా, ఏనుగు చుట్టూ తిరిగి పైకి పరుగు. గాలి ముఖాన కొట్టింది. ఎదురుగా నిట్టనిలువు బండ అడ్డమొస్తే ఆగి, రొప్పుతూ, బతికినం బిడ్డా అన్నాడు.

స్నిగ్ధ ముఖంలో నెత్తురు లేదు.

"నాన్న, మన వాసన ఇప్పుడు దానికి పోతుంది."

తిరిగి చూశాడు. ఏనుగు తొండం పైకి లేచి సరిగ్గా వీళ్ల వైపు తిరిగింది. చెవులు విప్పుకున్నాయి. పిల్ల తల్లి వెనక్కి దూరింది.

కిష్టప్పకు తెలిసిన దారి ఒక్కటే, అది అయిపోయింది. కాళ్లు నేలకు అంటుకుపోయాయి. కూతుర్ని చావు ముందుకు తన చేత్తోనే తెచ్చి నిలబెట్టాడన్నది అర్థమై కూడా, కదలలేకపోయాడు. కింద నుంచి గైడ్ కర్రతో ఒక రాతిని బాదుతూ అరుస్తున్నాడు. ఏనుగు అటు చూడలేదు. స్నిగ్ధే తండ్రి ఒంటి మీది నారింజ జాకెట్టు లాగేసి అక్కడే పడేసింది, ఆయన చెయ్యి పట్టుకుని వాలుకు అడ్డంగా కిందికి పరుగెత్తింది. ఇప్పుడు గాలి వీపున తోస్తోంది. కిష్టప్ప ఊపిరి బిగపట్టేశాడు. కొండగాలి అని తెలుసు, అయినా పీల్చడానికి ధైర్యం చాలలేదు. ఎక్కడో ముందుకు బోర్లా పడేసరికి యాదన్న కూడా ఇలాగే పడ్డాడు కదా అని గుర్తొచ్చింది.

ఏనుగు జాకెట్టును తొక్కింది, తొండంతో విసిరికొట్టింది, మళ్లీ తొక్కింది. తర్వాత పిల్లను తోసుకుంటూ చెట్లలోకి పోయింది.

గైడ్ తిట్టలేదు. అటెందుకు వెళ్లావని మాత్రం అడిగాడు. ఇన్నేళ్లుగా కిష్టప్ప యాదన్నను మనసులో అడుగుతున్నదీ అదే. స్నిగ్ధ గడ్డిలో కూర్చుని ఏడుస్తూ అంది:

"నేను పిలిచిన నాన్న. అటు గాదు, అటు గాదు అని పిలిచిన. నువ్వు ఇనలే."

ఒకప్పుడు సోమమ్మకు తను చెప్పిన మాటే అది.

ఊరు చేరిన రోజు సాయంత్రం ఆయన డాబా ఎక్కలేదు. తిన్నగా సోమమ్మ ఇంటికి వెళ్లాడు. ఏనుగు సంగతి అంతా చెప్పాడు, ఏదీ దాచలేదు. ఆమె బియ్యం చేటను పక్కన పెట్టి వింది.

"బిడ్డ పిలిచింది వదినె. చెవుల పడ్డది. కాళ్లకు చేరలే. యాదన్నకు గూడ గట్లనే అయ్యుంటది. రోజు ఏ దారిల వస్తడో గా గేటు దారే పట్టిండు. ఆయన నా మాట ఇనక పోలే. ఇంటికి వస్తుండె."

సోమమ్మ లేచి గోడ మీది ఫోటో దించి, కొంగుతో తుడిచి ఒళ్లో పెట్టుకుంది.

"గింతకాలం నేను ఈయనతోటి కొట్లాడిన గదా కిష్టప్ప," అని ఏడ్చింది.

కిటికీలోంచి మందుల వాసన మొదలైంది. కిష్టప్పకు తువ్వాలు గుర్తొచ్చింది. ఎటు పోవాలో చూసుకోలేదు. ఆమె ఏడుపు ఆగేదాకా అక్కడే కూర్చున్నాడు.