స మింగిన యంత్రం

ఫ్యాన్ల ఫ్యాక్టరీలో ఆఖరి తనిఖీ దగ్గర ఉండే ఆయన్ని అందరూ పాముచెవులాయన అనేవారు. తిరుగుతున్న ఫ్యాను కింద ఓ క్షణం కళ్లు మూసుకుని నిలబడితే చాలు, లోపల బేరింగు కులాసాగా ఉందో గొణుగుతోందో చెప్పేసేవాడు. గొణిగేదాన్ని పక్కన పెట్టించేవాడు. పాముకు అసలు చెవులే ఉండవని తెలిసినవాళ్లు కూడా ఆయన దగ్గర ఆ మాట ఎత్తేవాళ్లు కారు. ఆ పేరంటే ఆయనకు అంత ఇష్టం. కన్నవాళ్లు పెట్టిన పేరుతో పిలిస్తే ఈమధ్య ఒక్కోసారి పలికేవాడే కాదు.

ఈమధ్యే ఆయన పక్కన పెట్టించే ఫ్యాన్లు కూడా బాగా తగ్గిపోయాయి. నాణ్యత పెరిగిందని మేనేజరు మీటింగు పెట్టి మరీ అందరినీ మెచ్చుకున్నాడు. పాముచెవులాయన అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

ఆయనకు పాటలంటే చెవి కోసుకునేంత పిచ్చి. ముందుగది గోడకు రెండు పెద్ద స్పీకర్లు, వాటికెదురుగా సరిగ్గా మధ్యలో ఒక్కటే కుర్చీ. ఇంటికొచ్చిన చుట్టాలు ఆ కుర్చీని జరిపితే ఆయనకు ప్రాణం మీదికొచ్చేది. అలాంటి సెట్టుకు ఇప్పుడేదో జబ్బు చేసింది. తాళాల మెరుపు పోయింది. పాడే ఆవిడ ఊపిరి తీసుకోవడం వినబడటం లేదు. 'స' అనే అక్షరమైతే బొత్తిగా మాయమైంది. ఎంతైనా నిపుణుడు కనక తప్పెక్కడుందో ఇట్టే పట్టేశాడు. తప్పంతా కన్వర్టరుది. కంప్యూటర్లో పాట అంకెలుగా పడి ఉంటుంది. ఆ అంకెల్ని మళ్లీ ధ్వనిగా మార్చే పెట్టె అది. ఆ పెట్టె నాసిరకందైతే ఎంత గొప్ప స్పీకర్లూ దండగే. తన చెవులెలాంటివో లోకానికంతా తెలుసు కాబట్టి అనుమానం అటువైపు పోనే లేదు.

ముందు ఒక చిన్న నల్ల పెట్టె తెచ్చాడు. అదీ 'స'ను మింగేసింది. దాన్ని తిరిగిచ్చి, పైన మరికొంత పోసి వెండిరంగు పెట్టె తెచ్చాడు. అదీ అంతే. షాపాయన మర్యాదస్తుడు. తేడా తెలుస్తోందా సార్ అని అడిగేవాడు. తెలియడం లేదంటే పాముచెవులకు నామోషీ కదా, అందుకని ఈయన కళ్లు మూసుకుని, తెలుస్తోంది గానీ చాల్లేదు అనేవాడు. మీలాంటి చెవులు లక్షకొకరికి ఉంటాయని షాపాయన చేతులు జోడించి, ఇంకా ఖరీదైనదొకటి బల్ల మీద పెట్టేవాడు. చివరిదాన్నైతే ఎత్తి చూడమన్నాడు కూడా. అది సన్నికల్లంత బరువుంది. పాటకూ బరువుకూ సంబంధమేమిటని అడగబోయి, అడిగితే తెలియనివాడి కింద లెక్కేస్తారని ఊరుకున్నాడు. ఆలోచించుకుని చెబుతానని వచ్చేశాడు.

మర్నాడు పొద్దున ఆయన బూట్లు వేసుకుంటుంటే, వాళ్లావిడ వంటింట్లో కుళాయి కింద గిన్నెలు కడుగుతూ ఏదో అంది. "ఆ యంత్రం అమ్మేయి" అన్నంతవరకూ ఆయనకు వినబడింది. తర్వాతి ముక్క నీళ్ల చప్పుడులో కలిసిపోయింది. ఆయన మనసు చివుక్కుమంది. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ తన పాటల జోలికి ఎన్నడూ రాలేదు. ఇప్పుడు అమ్మేయమనడమే కాకుండా, 'అండి' కూడా ఎగరగొట్టింది. తలుపు దగ్గరికి లాగి వెళ్లిపోయాడు. డ్యూటీ అయ్యాక ఇంటికి రాలేదు. నేరుగా షాపుకెళ్లి, ఆ బరువైన పెట్టెను మరో రెండుసార్లు విని, పట్టుదల కొద్దీ కొనేశాడు.

దాన్ని పసిబిడ్డలా గుండెలకు హత్తుకుని ఇల్లు చేరేసరికి, బల్ల మీద తాగి పెట్టిన కప్పులు రెండున్నాయి. ఆవిడ ముఖం వాడిపోయి ఉంది. ఆఫీసు పని మీద వేరే ఊరు పోతూ మధ్యలో అమ్మాయి దిగిందట. నాన్న కోసం చూసీ చూసీ రైలు వేళైందని ఇప్పుడే వెళ్లిపోయిందట.

"నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా," అన్నాడాయన.

"పొద్దున చెప్పాను కదండీ. సాయంత్రం అమ్మాయి వస్తోంది, తొందరగా రండి అని."

"నువ్వు చెప్పింది అది కాదు. ఆ యంత్రం అమ్మేయి అన్నావు."

ఆవిడ ఒకటో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పే టీచరు. పిల్లలు డిక్టేషన్లో తప్పు రాస్తే ఏ అక్షరం దగ్గర జారిపడ్డారో చూడటం ఆవిడ రోజూ చేసే పని. కోపం పక్కన పెట్టి ఆయన్ని ఆ ఒక్క కుర్చీలో కూర్చోబెట్టింది. వెనక్కి వెళ్లి మామూలు గొంతుతో ఒక మాట అని, ఏమన్నానో చెప్పమంది.

"ఆ యంత్రం," అన్నాడు.

ముందుకొచ్చి, ఆయన ముఖంలోకి చూస్తూ అదే మాట మళ్లీ అంది. పళ్ల మధ్య నుంచి గాలి జారడం ఆయన కంటితో చూశాడు.

"సాయంత్రం," అన్నాడు మెల్లగా.

"మూడు యంత్రాలూ కూడబలుక్కుని ఒకే అక్షరాన్ని మింగుతాయా అండీ?"

ఆయనకు భయమేసింది. ఉద్యోగం పోతుందన్న భయం కంటే, రేపటి నుంచి తనను ఏమని పిలుస్తారన్న భయమే ఎక్కువ వేసింది. చివరికి ఎవరికీ చెప్పకూడదని ఒట్టు వేయించుకుని, చెవి పరీక్షకు ఒప్పుకున్నాడు.

పరీక్ష చేసిన అమ్మాయి ఆయన ముందు చిక్కుడు గింజంత వస్తువులు వరసగా పెట్టింది. బయటి శబ్దాన్ని ఇవి అంకెలుగా మార్చుకుంటాయని, మీకు వినబడని చోట్ల పెంచి, మళ్లీ శబ్దంగా మార్చి చెవిలోకి పంపుతాయని చెప్పింది.

"అంటే కన్వర్టరే కదమ్మా," అన్నాడాయన, ముఖం విప్పారి.

అక్కణ్ణుంచి ఆయన్ని పట్టడం ఎవరి తరమూ కాలేదు. ఒక్కోదాన్నీ పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఇది కాస్త పలచగా ఉంది, ఇది గరుగ్గా ఉందంటూ తెగ పేచీలు పెట్టాడు. మరీ ఇంత తేలిగ్గా ఉందేమిటని కూడా అడిగాడు. వినికిడి యంత్రం అన్న మాట మాత్రం నోట రానివ్వలేదు. అన్నింటికంటే మంచి కన్వర్టరు ఎంచుకుని, అది చెవికి పెట్టుకుని, పెళ్లికొడుకులా ఇంటికొచ్చాడు.

ఆయనతో పాటు ఎండన పడి రావడంతో ఆవిడ ముందుగదిలో ఫ్యాను వేసి, చెమట తుడుచుకుంటూ చాప మీద కూర్చుంది. ఆయన తన కుర్చీలో కూర్చుని తల పైకెత్తాడు. నెత్తి మీద గరగరమని గొణుగుడు. నిరుడు ఫ్యాక్టరీ వాళ్లు ఉద్యోగులకు తలా ఒక ఫ్యాను ఇస్తామంటే, ఇంటికని పదింటిని విని మరీ ఏరి తానే తెచ్చిన ఫ్యాను అది.

"ఇదెప్పటి నుంచి ఇలా మోగుతోంది?"

"తెచ్చిన రోజు నుంచీ."

"మరి చెప్పలేదేం?"

"చెప్పాను," అంది ఆవిడ. "చెప్పీ చెప్పీ మానేశాను."