కాళ్లలో పేగు

2023. అమలాపురంలో నేను జువాలజీ చెప్పే డిగ్రీ కాలేజీ. మా ల్యాబ్‌లో పీతను, రొయ్యను కోయడం మామూలే. ఆ ఏడాది ఫైనలియర్ దుర్గ మాత్రం సముద్రపు సాలీడును తెచ్చింది. వాళ్లది ఓడలరేవు, తండ్రికి బోటుంది. లంగరు తాడుకు పట్టిన నాచులో దొరికిందట. గోరంత ప్రాణి. ఒళ్లు ఉందా అంటే ఉంది, అంతా కాళ్లే. దాని నరాలు, పేగు చూసి బొమ్మలు గీయడమే ఆమె ప్రాజెక్టు. అది పోతే సెమిస్టరు పోతుంది. సెమిస్టరు పోతే చదువు మానిపించేస్తానని తండ్రి అప్పటికే తేల్చి చెప్పేశాడు.

నేనొచ్చేదాకా ఆగవే అంటే వింటేనా! క్లాసు ముగించుకుని వచ్చేసరికి మైక్రోస్కోపు దగ్గర మురిసిపోతూ ఉంది.

"మేడమ్‌గారూ, నరాలు కనపడ్డాయండీ! జత కాళ్లకో ముడి చొప్పున పొట్టవైపు వరసగా ఉన్నాయండి."

ఆ నరాల ముడినే మేం గాంగ్లియాన్ అంటాం. చూశాను. నిజంగానే చక్కగా తీసింది.

"మరి కాళ్లేవే?"

"తుంచేసి సింకులో కడిగేశానండి. ఇంట్లో పీతలు బాగుచేసేటప్పుడు ముందు సన్నకాళ్లు తీసి పారేస్తాం కదండీ."

"ఓసి నీ దుంపతెగ! దాని ఒంట్లో చోటెక్కడుంది? పేగు చీలికలై ఆ కాళ్లలోకే పోతుందే!" అని అరిచాను. దుర్గ మొహం పాలిపోయింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"మళ్లీ తెస్తానండి" అని బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత కాలేజీకే రాలేదు. అనవసరంగా కసిరానేమోనని నాకు అన్నం సహించలేదు. చివరికి ఎగ్జామినర్ వచ్చే రోజు పొద్దున్నే తండ్రీకూతుళ్లు ల్యాబ్ గుమ్మంలో నిలబడ్డారు. ఆయన చేతిలో సముద్రపు నీళ్ల సీసా, అందులో బతికున్న సముద్రపు సాలీడు.

"ఆయ్, రేవులో ఉన్న బోట్ల తాళ్లన్నీ దులిపేమండి. ఇన్నాళ్లూ ఈటిని చెత్తనుకున్నామండి" అన్నాడు.

ఈసారి దుర్గ కత్తెర ముట్టుకోలేదు. ప్రాణంతోనే గాజుపలక మీద నీటిచుక్కలో పెట్టింది. కాళ్ల తోలు పల్చన, లోపలిదంతా కనిపిస్తోంది. గోధుమరంగు పేగు ముడుచుకుంటూ సాగుతూ కాలి కొసదాకా కదులుతోంది. ఆ కదలికే దాని రక్తాన్ని కూడా తోస్తుంది. నా కళ్లు చెమర్చాయి.

తెలిసిన ప్రాణికి చేసినట్టే తెలియనిదానికీ చేయకూడదని ఆ రోజు నాకూ గట్టిగా తలకెక్కింది. ఇప్పటికీ కొత్త స్పెసిమెన్ ఏది వచ్చినా, ముందు బతికుండగా చూడమంటాను. కత్తెర తర్వాతే ఇస్తాను.

"నాన్నా, నువ్వూ చూడు" అంది దుర్గ. ఆయన కన్ను ఆనించి చాలాసేపు తీయలేదు. తీశాక నావైపు తిరిగాడు.

"మేడమ్‌గారూ, దీని పైచదువుకి పిల్లని ఏ ఊరు పంపాలండీ?"