పొగతో సహా గీసిన టవర్

మా చిన్నప్పుడు టవర్ గీయమంటే మేం పొగ కూడా గీసేవాళ్లం...

పాల్వంచ కంపెనీ క్వార్టర్లలో పెరిగిన పిల్లలం. పొద్దున కళ్లు తెరిస్తే థర్మల్ స్టేషన్ చిమ్నీ కనిపించేది. అడుగున లావుగా, పైకి పోయేకొద్దీ సన్నగా, నెత్తిన పొగతో. పదో తరగతి త్రికోణమితిలో "ఒక టవర్ కలదు" అని చదవగానే చేయి దానంతట అదే ఆ చిమ్నీని గీసేది.

మా కాన్వెంట్‌లో లెక్కలు చెప్పే సిస్టర్ నెత్తి కొట్టుకునేవారు.

"పొగ ఎందుకే? పొగకు మార్కులేస్తరా?"

నా పక్కన కూర్చునే సరిత ఊరుకునేది కాదు. "పొగ లేకుంటే ప్లాంటు బందైనట్టు సిస్టర్! మా నాయన డ్యూటీ పోతది."

క్లాసంతా నవ్వేది. సిస్టర్ కూడా నవ్వు ఆపుకుంటూ, "చాల్లే. టవర్ అంటే నిట్టనిలువు గీత. కర్ర పాతినట్టు. గంతే" అనేవారు.

నేను మాత్రం తల వంచుకుని ఉండేదాన్ని, ఆమె చూపు ఎక్కడ నా మీద పడుతుందోనని... సిస్టర్‌ది ఒక పద్ధతి. బోర్డు మీద ఒక్కో మెట్టు రాయించి, ప్రతి మెట్టు దగ్గరా "ఎందుకు?" అని అడిగేవారు. కారణం పైకి చెబితేనే కింది వరుసకు పోనిచ్చేవారు. నాకు గొంతు పెగిలేది కాదు. కథల పుస్తకాల్లో తల దూర్చుకునే పిల్లని. లెక్క లోలోపల చేసుకుని, జవాబు మాత్రం రాసి కూర్చునేదాన్ని.

ప్రీఫైనల్‌లో లెక్కలు తప్పాను.

సిస్టర్ తిట్టలేదు. "జవాబులు కొన్ని కరెక్టే. మరి ఎట్ల వచ్చినయి? ఆకాశం నుంచి ఊడిపడ్డయా? మెట్లు రాయి బిడ్డా. జవాబు తప్పినా మెట్లకు మార్కులొస్తయి. నోటితో చెప్పలేకుంటే పెన్నుతో చెప్పు."

పబ్లిక్‌లో కూడా తప్పితే సరిత ఒక్కతే ఖమ్మం కాలేజీకి పోతుంది. నేను సప్లిమెంటరీకి మిగిలిపోతాను. నాకున్న స్నేహితురాలు అదొక్కతే...

పరీక్ష రోజు నాన్న షిఫ్టు దిగి, నిద్రపోకుండా నన్ను స్కూటర్ మీద దింపాడు.

"భయమైతుందా బిడ్డా?"

"అవ్."

"నాకు గూడ అయితుంది" అన్నాడు. అదేం ధైర్యం చెప్పడమో...

చిన్న ప్రశ్నలు సగం తేలలేదు. చివరికి చేతిలో మిగిలింది టవర్ లెక్క. అది వస్తే గట్టెక్కుతాను, లేకపోతే లేదు. ఒక చోటి నుంచి చూస్తే టవర్ కొన అరవై డిగ్రీల ఊర్ధ్వకోణంలో ఉంది. నలభై మీటర్లు వెనక్కి జరిగితే ముప్పై డిగ్రీలు. ఎత్తు ఎంత?

కంగారులో పెన్నుతోనే పటం గీసేశాను. గీశాక చూస్తే... చిమ్నీ! వాలు గోడలు, లావు అడుగు, పొగ... అన్నీ ఉన్నాయి.

కొట్టేసి మళ్లీ గీద్దామంటే టైము లేదు. గంట కొట్టే వేళవుతోంది. గోడ వాలుగా ఉంటే లంబకోణం ఎక్కడిది? కొన నుంచి కిందికి చుక్కల గీత దించాను. అది చిమ్నీ నడిమధ్యన దిగింది. లెక్కలో మొదట నిలబడ్డ చోటి నుంచి గోడ అడుగు దాకా x అనుకున్నాను. గోడ నుంచి నడిమధ్య దాకా y. ఎత్తు h. తెలియనివి మూడు, సమీకరణాలు రెండే. చెవుల్లో హోరు...

ఆ హోరులోనే "ఎందుకు?" అని సిస్టర్ గొంతు.

ఎందుకంటే లంబకోణ త్రిభుజం కాబట్టి, అని రాశాను. టాన్ అరవై నుంచి h = √3 (x + y). టాన్ ముప్పై నుంచి x + y + 40 = √3 h. ప్రతి మెట్టుకూ కారణం రాస్తూ, మొదటిదాన్ని రెండోదాంట్లో పెట్టాను. అప్పుడు కనిపించింది. y ఎక్కడా ఒంటరిగా లేదు. ప్రతి వరుసలోనూ x చేయి పట్టుకునే ఉంది. వాటిని విడదీయాల్సిన పనే లేదు! రెండూ కలిపి ఇరవై. ఎత్తు ఇరవై రూట్ మూడు. పక్కన "మీటర్లు" అని రాసేసరికి గంట కొట్టారు.

బయట సరిత ఎదురొచ్చింది. "టవర్ ఎత్తు ఎంతొచ్చిందే?"

చెప్పాను.

"నాకు గూడ గదే! మరి గా ఏడుపు మొఖమేంది?"

"చిమ్నీ గీసిన."

"పొగతోనా?"

"అవ్..."

పడీ పడీ నవ్వింది. "నీ పేపరు ఏ ఊరికి పోతదో! దిద్దే సారు ఎన్నడన్న చిమ్నీ చూసిండో లేదో!"

అది సరదాకే అంది. నన్ను మాత్రం వేసవంతా ఆ మాట తినేసింది. అమ్మ పర్ణశాల రామయ్య దగ్గరికి తీసుకెళ్తే అందరూ ఏవేవో మొక్కుకున్నారు. నేను మాత్రం... దిద్దే సారు ఊళ్లో ఒక్క చిమ్నీ అయినా ఉండాలి స్వామీ, అని మొక్కుకున్నాను.

అత్తెసరు మార్కులతో పాసయ్యాను. ఆ సారుది ఏ ఊరో నాకిప్పటికీ తెలియదు.

మార్కుల మెమో తీసుకోవడానికి వెళ్తే, సరిత అప్పటికే అంతా చెప్పేసినట్టుంది. సిస్టర్ నన్ను ఎగాదిగా చూశారు.

"పొగ కూడా గీసినవట. ఎందుకు?"

ఆమె ఎదుట మొదటిసారి గొంతు పెగిలింది. "ఎందుకంటే... మా ఇంటి నుంచి గట్లనే కనపడతది సిస్టర్."

మొన్న పక్కింటి పదో తరగతి పాప గోళ్లు కొరుక్కుంటూ టవర్ లెక్కతో వచ్చింది. ఫోను లెక్క మీద పట్టగానే మెట్లన్నీ ఒక్కసారే తెర మీద వచ్చిపడ్డాయి. ఏ మెట్టు దగ్గరా ఆగి ఎందుకని అడిగేవాళ్లు లేరు. కానీ ఆ పిల్ల కళ్లలో భయం మాత్రం మాదే... టవర్ గీసి చూపించమన్నాను. నిట్టనిలువు గీత గీసింది. తప్పేం లేదు, సిస్టర్ చూస్తే మెచ్చుకునేవారు. నేనే పొగ కోసం దాని కొన వైపు చూశాను...

ఇప్పుడు మేముండే ఇంటి కిటికీలోంచి ఆ పాత చిమ్నీ కనిపించదు. మీ ఊళ్లో టవర్ అంటే మీ చేయి ఏం గీసేది? నాకు చెప్పరూ...