సున్నం బకెట్టు, డిజిటల్ క్లాసు

మా బడిల ఏడో తరగతి పిల్లలకు ఇప్పుడు నన్ను చూసుడు సిలబస్‌ల ఒక భాగమైంది. నేనేదో సాధించి అందులకెక్కిననుకునేరు. జర చాయ్ తాగుకుంట వినుండ్రి. జూన్‌ల జరిగిన ముచ్చట ఇది. చెప్పుకునే మొఖం ఇన్ని దినాలకు వచ్చింది.

మాది మేళ్లచెరువు దిక్కు. పొద్దుగాల ఆరేసిన బట్టలు సాయంత్రానికి సిమెంటు దుమ్ముతోని బిరుసెక్కే జాగా. నేను పదో తరగతి దాటలే. దాటనీయలే అంటే ఇంకా సరిగ్గుంటది. అయితేంది? చిత్తుకాగితాల దుకాణంల పడున్న ఇంటర్ పుస్తకాలు, డిగ్రీ పుస్తకాలు ఏరి తెచ్చుకొని, అన్నం ఉడికేలోపు ఒక పేజీ, పప్పు ఉడికేలోపు ఇంకో పేజీ చదివిన. మొన్న జూన్ దాక మూడేండ్లు ఒక ప్రైవేటు బడిల ఏడో తరగతికి సైన్స్ చెప్పిన. బీఎస్సీ చదివినోళ్లు పరీక్ష కోసం చదివిండ్రు, నేను ఆకలికి చదివిన అని లోపల ఒక పొగరు. ఇప్పుడు చెప్పే ఆగమంత ఆ పొగరు పెట్టిన మంటనే.

మా కరస్పాండెంట్ సారు నిరుడు బడిల ల్యాబు తీసేసిండు. బీకర్లు, టెస్ట్ ట్యూబులు అట్టపెట్టెలల్ల కట్టి మెట్ల కిందికి తోసిండు. ల్యాబు రూముల గోడకు ఇంత పెద్ద డిజిటల్ ప్యానెల్ బిగించిండు. "ఇగ కెమిస్ట్రీ అంత ఇందులనే మేడం. పగులుడు లేదు, కడుగుడు లేదు" అన్నడు.

నిజమే. పగలదు, మరక పడదు, వాసన రాదు, చెయ్యి కాలదు. తెల్లకోటు తొడుక్కున్న ఒక బొమ్మ సారు బీకర్ల నీళ్లు పోస్తడు. బుడగలు లేస్తయి. ఎర్రబాణాలు పైకి పోతయి. ఆ బాణాలే వేడి అని పిల్లలు నమ్మాలె. ఆరో తరగతిల ఉన్నప్పుడు ప్యానెల్ చూడొచ్చిన మా మల్లేశ్వరి ఒకసారి అడిగింది, "టీచర్, ప్యానెల్‌కు చెయ్యి ఆనిస్తే సల్లగనే ఉంది గద" అని. ఆ పిల్ల అడిగింది తప్పు కాదు. నేనే "కూసో" అన్న.

ఇగ జూన్ వచ్చింది. అడ్మిషన్ల కోసం తల్లిదండ్రులను పిలిచి డెమో క్లాసు పెట్టాలన్నరు. సారు నన్ను ఆఫీసు రూముకు పిలిచిండు.

"మేడం, బీఎస్సీ బీఎడ్ క్యాండిడేట్ ఒకాయన వచ్చిండు. పేరెంట్స్ కూడ టీచర్ల డిగ్రీలు అడుగుతున్నరు. అయినా మీకొక ఛాన్స్ ఇస్తున్న. డెమో మంచిగైతే ఏడో తరగతి మీదే. కాకపోతే మిమ్మల్ని ఎల్కేజీకి మారుస్త. రైమ్స్ చెప్పుకోవచ్చు, టెన్షన్ ఉండది."

మూలకాల పట్టిక మొత్తం నోటికి చెప్పేదాన్ని, రెండు చేతులు తలమీద పెట్టుకొని కుందేలు లెక్క దుంకాల్నా?

డెమోకు సారు ఇచ్చిన పాఠం, సున్నానికి నీళ్లు తాకితే వచ్చే రసాయన మార్పు. వచ్చిన తల్లిదండ్రులల్ల సగం మంది సున్నం బట్టీలల్ల, సిమెంటు ఫ్యాక్టరీలల్ల పనిచేసేటోళ్లు. వాళ్లకు సున్నం ఎట్ల ఉడుకుతదో బొమ్మల చూపించాలె నేను. అయినా తలూపి ఒప్పుకున్న. ఎల్కేజీ కండ్లముందట దుంకుతాంది మరి.

తల్లిదండ్రులు, పిల్లలతోని రూము నిండింది. కొత్త మఖ్మల్ గుడ్డ పరిచిన టేబుల్, వెనక ప్యానెల్. ఆన్‌లైన్‌ల పెట్టుకునేటందుకు సారు తన ఫోన్‌ను ఒక స్టాండుకు తగిలించి వీడియో ఆన్ చేసిండు. నేను రిమోట్ ఒత్తిన. తెల్లకోటు బొమ్మ నవ్వింది, బీకరు పట్టుకున్నది, నీళ్లు పొయ్యబోయింది. అంతే. నెట్ పోయింది. బొమ్మ చెయ్యి గాలిల ఆగింది, నడుమ చక్రం తిరుగుడు షురూ అయింది.

తిరుగుతాంది. తిరుగుతనే ఉంది. నేను నవ్వుకుంట నిలబడ్డ. సారు చెమట తుడుచుకుంటాండు. ముందు బెంచీల ఒకామె పక్కామెను అడిగింది, రూమంత ఇనబడేటట్టు.

"అక్కా, గా చక్రం తిరుగుడేనా పాఠం?"

"ఏమో చెల్లె. ఇంగ్లీష్ మీడియం గద, గిట్లనే ఉంటదేమో."

నవ్విండ్రు. నా రక్తం సలసల కాగింది. వెనక గోడకు వెల్ల వేసేటందుకు పనోళ్లు తెచ్చిన సున్నం గడ్డలు వరండాల సంచిల ఉన్నయని యాదికొచ్చింది. అసలు సున్నమే చేతికందేటట్టు ఉండంగ బొమ్మ కోసం ఎందుకు చూడాలె? పోయి సంచి గుంజుకొచ్చిన. బాత్‌రూముల నుంచి నీలం ప్లాస్టిక్ బకెట్టు తెచ్చిన. మఖ్మల్ గుడ్డ మీదనే పెట్టిన. సారు "మేడం, మేడం" అంటనే ఉన్నడు. నేను ఇనే స్థితిల లేను.

అప్పుడు చివరి బెంచిల నుంచి ఒక ముసలాయన లేచిండు. భుజం మీద గొంగడి, చేతుల కట్టె. మా మల్లేశ్వరి తాత. ఇప్పుడు గొర్లు కాస్తడు గని, వయసుల ఉన్నప్పుడు బట్టీల పనిచేసిండంట.

"బిడ్డా, గా బకెట్ల పోయకు. ఇనుప డబ్బ ఉంటే తెమ్మను."

సక్కగ చెప్పిండు, నెమ్మదిగ చెప్పిండు. నేనేమన్ననో చెప్పాల్నంటే సిగ్గైతాంది.

"పెద్దాయనా, ఇది మీ బట్టీ కాదు. సైన్స్ క్లాసు. పుస్తకంల లెక్క ప్రకారం చేస్తున్న. కూసోండ్రి."

"నీ ఇష్టం బిడ్డా" అని ఆయన కూసోలే. మనుమరాలి చెయ్యి పట్టుకొని తలుపు దగ్గరికి జరిగిండు. ఆయన జరుగుడు చూసి బట్టీల పనిచేసే నలుగురైదుగురు కూడ పిల్లలను పట్టుకొని జరిగిండ్రు. నాకు అది కూడ అర్థం కాలే. పాఠం నచ్చక పోతున్నరనుకున్న.

గడ్డలేసిన. నీళ్లు పోసిన. ఏం కాలే. కొన్ని గడ్డలు జర ఆగినంక ఉడుకుతయి, ఆ ముక్క నేను చదివిన పుస్తకంల లేదు. జనం చూస్తున్నరు. ఇంకో నాలుగు గడ్డలేసిన. ఇంకో చెంబెడు పోసిన. "దీన్ని ఉష్ణమోచక చర్య అంటరు" అని మొదలువెట్టిన. ఉష్ణం రాలే. రెండోసారి చెప్పిన. మూడోసారి "ఉష్ణ" అన్ననో లేదో, లోపల బుస్సుమన్నది.

ఇగ ఆగలే. తెల్లటి ఆవిరి లేచింది. కుతకుత ఉడికింది. బకెట్టు కడుపు ముందుకొచ్చింది, మెల్లగ ఒక పక్కకు ఒరిగింది, మెత్తబడి మోకాళ్ల మీద కూలబడ్డట్టు కూలింది. ఉడికిన సున్నం మఖ్మల్ గుడ్డ మీదికెళ్లి, టేబుల్ అంచుకెళ్లి, కింద పారింది. సారు కొత్త బూట్లు తెల్లగైనయి. నా చీర కుచ్చిళ్లు తెల్లగైనయి. కిందనే ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సుల సున్నం పోయి టప్‌మన్నది. ప్యానెల్ నల్లగైంది. ఆ చక్రం తిరుగుడు కూడ ఆగింది.

"కండ్లల్ల పడనీయకుండ్రి. అందరు బయటికి నడువుండ్రి" అని తాత గొంతు లేపిండు. మెయిన్ బంద్ చేపిచ్చిండు. ఎవరికేం కాలే, అంత ఆయన పుణ్యమే. పిల్లలు ముందే తలుపు దగ్గర ఉండవట్టి బతికిన నేను.

వరండాల అందరు నిలబడ్డరు. ఒక పిల్ల అడిగింది, "తాతా, పొయ్యి లేదు, అగ్గి లేదు. ఎట్ల ఉడికింది?"

తాత కట్టె మీద గడ్డం ఆనించి చెప్పిండు. "రాయిని బట్టీల దినాలకు దినాలు కాలుస్తరు బిడ్డా. గా మంటనంత రాయి కడుపుల దాసుకుంటది. సల్లగనే కనబడ్తది. నీళ్లు తాకంగనే దాసుకున్నదంత కక్కుతది. గందుకే ఇనుప డబ్బల, జరంత జరంత పోసుకోవాలె. గాలి వచ్చే దిక్కు నిలబడాలె, ఆవిరి మన మీదికి రాకుండ."

పిల్లలు నోరు తెరిచి విన్నరు. నేను కూడ. మూడేండ్లు పాఠం చెప్పి, మూడుసార్లు ఉష్ణమోచకం అన్నదాన్ని. ఆయన ఆ మాట అనకుండనే పాఠం అయిపోయింది. దగ్గరికి పోయి "తప్పైంది తాతా" అన్న. "సున్నానిదేం తప్పు లేదు బిడ్డా" అన్నడు. నన్ను మాత్రం క్షమించినట్టు ఏం చెప్పలే.

తెల్లారి నేను ఎల్కేజీల ఉన్న. కుందేలు లెక్క దుంకుతున్న. ఏడో తరగతికి బీఎస్సీ సారు వచ్చిండు. ప్యానెల్‌ను బాగుచేపిచ్చిండ్రు. ఇగ ఈ కరస్పాండెంట్ సారు ఉన్నడే, ఫోన్‌ల రికార్డయిన నా వీడియోను పారేస్తడనుకున్న. పారేయలే. "బయట కొనకుండనే దొరికిన మన సొంత కంటెంట్" అని ప్యానెల్‌ల ఎక్కిచ్చిండు. ల్యాబుల జాగ్రత్తలు అనే పాఠానికి నేనే బొమ్మ. నెట్ లేకున్న నడుస్తదంట.

మొన్న మల్లేశ్వరి ఇంటర్వెల్‌ల ఎల్కేజీ కిటికీ దగ్గరికొచ్చింది.

"టీచర్, యూనిట్ టెస్టుల మీ ప్రశ్న వచ్చింది."

"నా ప్రశ్నేందే?"

"వీడియోల టీచర్ చేసిన తప్పులు నాలుగు రాయండి అని. బకెట్టు, గడ్డలు ఎక్కువేసుడు, దగ్గర నిలబడుడు, తాత మాట ఇనకపోవుడు. కొందరు ఆరు రాసిండ్రు టీచర్. కొత్త సారు ఆరు కూడ కరెక్టే అన్నడు."

"ఎవరెవరికి మార్కులొచ్చినయి?"

"క్లాసంత ఫుల్ మార్కులు."

మూడేండ్లు గొంతు చించుకొని చెప్పిన ఆ క్లాసుకు. నేను పాఠం చెప్పినన్ని దినాలు ఒక్కసారన్న అందరు పాసైంది లేదు.