పెనుకొండ దసరా, మా అక్క నేసిన చీర

పెళ్ళయి హిందూపురం వచ్చినప్పటి నుంచి ఒక్క దసరా కూడా తప్పకుండా పెనుకొండ పోతున్నాను. అక్కను మా పుట్టిన ఊరు ధర్మవరంలోనే ఇచ్చారు. రెండూళ్ళకూ నడుమ పెనుకొండలో మా అవ్వ, అమ్మను కన్నతల్లి, ఉంటుంది. విజయదశమి నాడు ఇద్దరం అవ్వ ఇంట్లో కలవాలని అనుకున్నాం. ఏడాదిలో మిగతా రోజులన్నీ అత్తవారివి, ఆ ఒక్కరోజు మాది. ఆ పండుగ చూడాలి, ఎట్లా పోవాలి అని అడిగేవాళ్ళ కోసం ఈ ఏటి ప్రయాణం రాస్తున్నాను. అయితే ముందు మా తగువు చెప్పుకోవాలి.

అక్క స్వయంగా మగ్గం మీద కూర్చుని నా పెళ్ళికి పట్టుచీర నేసింది. జరీ అంచు నిండా చిలకలు. పక్కన కూర్చుని నేను వాగుతూ ఉంటే, ఆ ధ్యాసలో కొంగు దగ్గర ఒక చిలక మొహం వెనక్కి తిరిగిపోయింది. మూడేళ్ళ కిందట పండుగకు నాతోపాటు మా ఆడబిడ్డ కూడా వస్తానంది, కట్టుకోను మంచి చీర లేదంది. కొత్త కోడలిని, కాదనలేక ఆ చీర ఇచ్చాను. జమ్మి చెట్టు దగ్గర అంతమంది జనంలో అక్క ఆ అంచును ఇట్టే గుర్తుపట్టింది. "నేను నేసింది నీకు" అని ఒక్క మాట అని, అన్నం కూడా తినకుండా ధర్మవరం బండెక్కింది. తరువాత రెండేళ్ళు పండుగకు రాలేదు. ఉత్తరాలు రాస్తే జవాబు లేదు. ఆడబిడ్డను తనకంటే ఎక్కువగా చూసుకున్నాననే కోపమనుకున్నాను. లోలోపల నాకూ కోపం వచ్చింది, ఒక్కరోజు కట్టుకుంటే చీర అరిగిపోతుందా అని.

ఈసారి ఒక్కదాన్నే బయలుదేరాను. హిందూపురంలో ఉదయం ఏడు గంటల పాసింజరు ఎక్కితే దాదాపు గంటన్నరకు పెనుకొండ చేరుతుంది, ఛార్జీ రూపాయికి లోపే. కొండ కనిపించిందంటే మూట చంకన పెట్టుకోండి, బండి ఎక్కువసేపు ఆగదు. స్టేషను ఊరికి దూరం, నడిస్తే ఎండకు తల తిరుగుతుంది. జట్కాకు తలకు రెండణాలు. నయాపైసలు వచ్చి ఇన్నేళ్ళయినా జట్కావాళ్ళు అణాలు వదలరు. మా జట్కా తాత నన్ను ఏటా చూసేవాడే.

"ఏమ్మా, ఈ తూరి ఒక్కదానివే వస్తాండావే?"

"అవును తాతా."

"మీ యక్క రాత్రే వచ్చినాదిలే. నా బండిలోనే దిగబెట్టినా. చెల్లెలు వస్తాదా అంటే పలకలా."

అక్క వచ్చిందనగానే సంతోషమేసింది. పలకలేదనగానే భయమేసింది. అవ్వ ఇల్లున్న కోట గుమ్మం దాకా ఆ రెంటితోనే పోయాను.

అవ్వ ఇంట్లో అక్క ఒబ్బట్లు తడుతూ కూర్చుని ఉంది. నేను కాళ్ళు కడుక్కుని లోపలికి వస్తే తల ఎత్తలేదు. అవ్వ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "మీ మూతులు చూస్తా నేను పండగ చేసుకోవాల్నా? తినండి ముందు" అని రెండాకులు పక్కపక్కనే వేసింది. పక్కపక్కనే తిన్నాం. నెయ్యి గిన్నె కూడా అవ్వ చేతి మీదుగానే నా దగ్గరికి వచ్చింది.

నాలుగు గంటలకు మేళాలతో అమ్మవారు బయలుదేరుతుంది, అరగంట ముందే పోతే నిలబడను చోటు దొరుకుతుంది. ఊరి బయట జమ్మి చెట్టుకు పూజ అయ్యాక జనం ఆకు కోసుకుంటారు. ఆ ఆకును ఇక్కడ బంగారమంటారు. చిన్నవాళ్ళు దాన్ని పెద్దల చేతిలో పెట్టి కాళ్ళకు మొక్కుతారు. ఎంత పగ ఉన్నా ఆ రోజు బంగారం వద్దనకూడదు. నేను గుప్పెడు కోసుకుని, అక్క చేతిలో పెట్టి వంగాను. ఆమె వద్దనలేదు. కానీ దీవించనూ లేదు.

"ఎందుకు మొక్కుతావు? నువ్వు చేసిందేందో నీకు తెలుసునా?" అంది.

"ఆడబిడ్డ అడిగితే ఇచ్చినా. తప్పేనక్కా."

"ఇచ్చుకో, నీ చీర నీ ఇష్టం. ఆ చిలక తప్పుపోయినప్పుడు నేను విప్పి మళ్ళా నేయలేనా? బయటి బేరమైతే విప్పుదును. నువ్వు మాట్లాడతాంటే తప్పుపోయిన చిలక అది, నీ పెట్టెలోనే ఉంటాదిలే అని వదిలేసినా. ఆ పొద్దు మా వీధి నేతగాళ్ళంతా ఈడే ఉండ్రి. మీ ఆడబిడ్డ కొంగు చూసి, ఇదేనా నీ పనితనం అని నగినారమ్మే. వాళ్ళకు నేనేం చెప్పాల?"

నేత ఇంట్లో పుట్టి కూడా ఆ సంగతి నాకు తట్టలేదు. మూడేళ్ళుగా ఆమెకు అసూయ అనుకున్నాను. సిగ్గుతో ఏడుపు వచ్చింది, అంతమందిలోనే ఏడ్చేశాను. అక్క తన కొంగుతోనే నా మొహం తుడిచింది.

"పండగని మగ్గం ఆపింటి. రేపు పొద్దున్నే ఎక్కాల. పట్టుదారం కండెలు చుట్టేదానికి మనిషి లేదు. వస్తావా?"

"మాట్లాడకుండా కూర్చోమంటావా?"

"మాట్లాడు. ఈ తూరి తప్పుపోతే విప్పుతాలే."

పెనుకొండ నుంచి ధర్మవరానికి సాయంత్రం బండి ఉంది, అదీ ఇంచుమించు గంటన్నర ప్రయాణమే. హిందూపురం పోయే తెలిసినవాళ్ళతో ఇంట్లో కబురు చెప్పించి, ఆ బండెక్కి అక్క పక్కన కూర్చున్నాను. మనవాళ్ళ కోపానికి కారణం మనమే ఊహించుకుని, దాని మీద మనమే అలిగి కూర్చుంటాం. నేను మూడేళ్ళు అట్లాగే కూర్చున్నాను. అడిగి ఉంటే రెండు దసరాలు మిగిలేవి. ఆ పండుగకు వచ్చేవాళ్ళలో ఎవరితోనైనా మీకు తగువు ఉంటే, జమ్మి పూజ వేళకు తప్పక అక్కడ ఉండండి. ఇంకొక్క మాట, తిరుగు టికెట్టు ముందే కొనకండి. నాది చించి కిటికీలోంచి పారేశాను.